ఏడు వందల మీటర్ల గూడ్సు, ఎనిమిది అడుగుల బల్ల

రాయగడలో గానీ కొరాపుట్‌లో గానీ రైలు గేటు దగ్గర నిలబడి గూడ్సుబండిని మొత్తంగా చూసినవాళ్లు ఉండరు. ఇంజను ఎదుటికి వచ్చేసరికి తోక ఇంకా మలుపు అవతలే ఉంటుంది. గార్డు పెట్టె కనబడేసరికి ఇంజను కొండ చాటుకు వెళ్లిపోయి ఉంటుంది. ఏ క్షణంలో చూసినా కంటికి ఆనేది గేటుకు అటూ ఇటూ ఉన్న ఐదారు వ్యాగన్లే. తక్కినదంతా చప్పుడు, నేల అదురు, ఎప్పుడైపోతుందా అన్న ఎదురుచూపు.

ఇంట్లో చిన్న మోడల్ రైల్వే కట్టుకోవాలనుకునేవాళ్లు ముందుగా పట్టుకోవాల్సిన సంగతి ఇదేనని నా నమ్మకం. చాలామంది బండి మొత్తాన్ని కుదించి బల్ల మీద పెట్టాలని చూస్తారు. అది కుదరదు. ఒకచోట నిలబడ్డ మనిషికి బండి ఎంత కనబడుతుందో అంతే కట్టి, రెండు చివరలూ దాచేయాలి. స్కేలు, మలుపు, ఎత్తు, సరుకు, షంటింగ్ (వ్యాగన్లను అటూ ఇటూ జరిపి మార్చడం) అని విడివిడిగా కనిపించే చిక్కులన్నీ ఈ ఒక్క నిర్ణయంతో వదులవుతాయి.

కొలతలు చూస్తే ఎందుకు కుదరదో తెలుస్తుంది. బొగ్గు, ఇనుప ఖనిజం మోసే పైకప్పు లేని వ్యాగను పేరు బాక్స్ఎన్. కప్లింగ్ నుంచి కప్లింగ్ దాకా దాని పొడవు 10.713 మీటర్లు. అలాంటివి 58, ముందు రెండు ఇంజన్లు, వెనక బ్రేక్ వ్యాన్ కలిస్తే 670 మీటర్ల పైమాటే. అందుకే మన స్టేషన్లలో లూప్ లైను, అంటే బండి ఆగడానికి పక్కగా వేసే లైను, ప్రామాణిక పొడవు 686 మీటర్లు. మోడల్ రైల్వేలో ఎక్కువమంది వాడే స్కేలు హెచ్ఓ, అంటే అసలులో 87వ వంతు. ఆ లెక్కన లూప్ లైను ఒక్కటే 7.9 మీటర్లు, దాదాపు 26 అడుగులు. ఇంకా చిన్నదైన ఎన్ స్కేలు, అంటే 160వ వంతు తీసుకున్నా 14 అడుగులు దాటుతుంది. మన ఇళ్లలో ఒక గది పది అడుగులకు పన్నెండు ఉంటే గొప్ప.

అదే లెక్కను వ్యాగను వైపు నుంచి చూడండి. బాక్స్ఎన్ పొడవు హెచ్ఓలో 123 మిల్లీమీటర్లు. గూడ్సు లాగే కరెంటు ఇంజను వ్యాగ్-9 పొడవు 20.562 మీటర్లు, అంటే 236 మిల్లీమీటర్లు. ఒక ఇంజను, పది వ్యాగన్లు కలిపితే ఐదడుగుల లోపే. ప్లైవుడ్ షీటు ఎనిమిది అడుగులకు నాలుగు. దాన్ని నిలువునా ఒకటిన్నర అడుగు వెడల్పున కోయిస్తే గోడ వారగా ఎనిమిది అడుగుల బల్ల వస్తుంది. ఆడించేటప్పుడు మాత్రం ఒక చివర తగిలించి, తర్వాత తీసి మంచం కింద పెట్టేసే ఐదడుగుల పలక ఒకటి చేయించుకోవాలి. బండి ఆ పలక మీద నుంచి బయల్దేరుతుంది, సొరంగంలోంచి బల్ల మీదకు వస్తుంది, రెండో చివర రోడ్డు వంతెన కిందకో చెట్ల గుంపు వెనక్కో దూరి ఆగుతుంది. మధ్యలో కంటికి తెరిచి ఉంచే మేర నాలుగున్నర అడుగులు దాటకూడదు. దాటితే ఇంజనూ తోకా ఒకేసారి కనబడి, ఇది పది వ్యాగన్ల బండేనని తెలిసిపోతుంది. ఒక చివర దాగి ఉన్నంతసేపు చూసేవాళ్లు లెక్కపెట్టలేరు.

పొడవు భ్రమకు రెండో సాయం వేగం. దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. అసలు బండి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతే గేటు దాటడానికి ఒక నిమిషం పడుతుంది. మన పది వ్యాగన్ల బండిని అదే స్కేలు వేగంతో నడిపితే పదకొండు, పన్నెండు సెకన్లలో అయిపోతుంది. గంటకు 15 కిలోమీటర్లకు తగ్గిస్తే, అంటే బల్ల మీద సెకనుకు అయిదు సెంటీమీటర్ల లోపు కదిలితే, అరనిమిషం పడుతుంది. ఘాట్‌లో లోడుతో ఎక్కే బండి, సైడింగ్‌లోకి వెళ్లే బండి నిజంగానే నెమ్మదిగా పోతాయి. కాబట్టి మనం ఎంచుకునే చోటు కూడా బండి నెమ్మదిగా పోవడానికి కారణమున్న చోటై ఉండాలి. నెమ్మదిగా నడిచినా కుదుపు లేని ఇంజను కొనండి. డబ్బు ఎక్కువ పెట్టాల్సినది ఏదైనా ఉంటే అదే.

ఇక గేజ్ చిక్కు. మొదటిసారి లెక్క వేసుకున్నవాళ్లందరూ ఇక్కడ తికమక పడతారు. బజార్లో దొరికే హెచ్ఓ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. యూరప్, అమెరికాల్లో ఉన్న 1435 మిల్లీమీటర్ల గేజ్‌కి అది సరైన 87వ వంతు. మన బ్రాడ్ గేజ్ 1676. దాన్ని 87తో భాగిస్తే 19.3 వస్తుంది. అంటే బండి మనది, పట్టా వాళ్లది అయినప్పుడు దాదాపు మూడు మిల్లీమీటర్లు తక్కువ. బ్రిటిష్ ఓఓ స్కేలులో, అంటే 76వ వంతులో, తేడా ఇంకా పెద్దది. అక్కడ 22 మిల్లీమీటర్లు ఉండాల్సింది, పట్టా మాత్రం అదే 16.5. ఎన్ స్కేలులో పదిన్నర ఉండాల్సిన చోట తొమ్మిది ఉంటుంది. సొంతంగా 19.3 పట్టా వేసుకుని, చక్రాల ఇరుసులు మార్చుకునే ఓపికమంతులు లేకపోలేదు. వాళ్లంటే నాకు గౌరవం. కానీ మొదటి లేఅవుట్‌కి, అంటే బల్ల మీద మొదటిసారి కట్టే రైలు దారికి, ఆ పద్ధతి వద్దంటాను. గేజ్ తేడా తెలిసేది బండిని ఎదుటి నుంచి గానీ పైనుంచి గానీ చూసినప్పుడు. బల్లను నిలబడ్డ మనిషి ఛాతీ ఎత్తున, నాలుగు నాలుగున్నర అడుగుల మీద బిగిస్తే బండిని ఎప్పుడూ పక్కనుంచే చూస్తాం. చివరలు దాచేశాం కాబట్టి ఎదుటి నుంచి చూసే వీలే ఉండదు. మూడు మిల్లీమీటర్ల సంగతి ఎవరికీ గుర్తుకు రాదు.

మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, ఇదే జిల్లాల్లో గేజ్ చిక్కు లేని లైను ఒకటి ఉండేది. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో వచ్చి, 1931లో గుణుపురం దాకా సాగిన చిన్న లైను. దాని గేజ్ 762 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 8.76. ఎన్ స్కేలు పట్టా తొమ్మిది. అంటే హెచ్ఓ కొలతలతో పెట్టెలు చేసి ఎన్ స్కేలు పట్టా మీద నడిపితే వెంట్రుకవాసి తేడాతో సరిపోతుంది. బ్రాడ్ గేజ్‌గా మారిపోయిన ఆ లైనును బల్ల మీదైనా ఎవరైనా నిలబెడితే చూడాలని నాకు చాలా కోరిక. కానీ ఇవాళ్టి గూడ్సు కావాలనుకునేవాళ్ల దారి వేరు.

ఆ దారిలో అసలైన ప్రశ్న సరుకు. ఏ వ్యాగను అందంగా ఉందని కాదు, ఏ సరుకు వేసుకుని ఎటు పోతోందని అడగాలి. మన వైపు నాలుగు రకాల రేక్‌లు, అంటే ఒకే సరుకుతో కలిపి కట్టిన వ్యాగన్ల వరసలు, బాగా కనబడతాయి. బైలదిల్లా గనుల నుంచి విశాఖకు దిగే ఇనుప ఖనిజం, రాయగడ మీదుగా పోయే బొగ్గు, కొరాపుట్ జిల్లా దామన్‌జోడి నుంచి అంగుల్‌లో అల్యూమినియం కరిగించే స్మెల్టరుకూ విశాఖ రేవుకూ పోయే అల్యూమినా పొడి, గూడ్స్ షెడ్‌లో దిగే బియ్యం, ఎరువుల బస్తాలు. ఈ నాలుగూ బల్ల మీద నాలుగు రకాలుగా ప్రవర్తిస్తాయి.

ఖనిజం సంగతి చూడండి. జపాన్‌కు ఖనిజం పంపడానికి 1960లలో వేసిన కొత్తవలస-కిరండూల్ లైను మీద వ్యాగన్లు లోడుతో విశాఖ వైపు దిగుతాయి, ఖాళీగా పైకి వస్తాయి. బల్ల మీద లోడు బండి కుడి నుంచి ఎడమకు వెళ్లి, మళ్లీ లోడుతోనే ఎడమ నుంచి కుడికి వచ్చిందంటే ఆ లైను ఎరిగినవాళ్లకు వెంటనే తప్పు దొరుకుతుంది. ప్రతిసారీ చేత్తో ఖనిజం తీసి పోయడం విసుగు. దీనికి పాత ఉపాయం ఒకటుంది. బల్లను కొంచెం వెడల్పు చేసి, మధ్యలో నిలువునా అట్ట తెర కట్టి, ఒక పక్క గని, రెండో పక్క రేవు పెడతారు. గనిలో లోడింగ్ బంకరు కిందకు నెట్టిన ఖాళీ రేక్ తెర దాటి రేవు వైపు టిప్లర్ షెడ్డులోంచి (వ్యాగన్లను తిరగేసి ఒంపే చోటు) ఖాళీగానే బయటికి వస్తుంది. రేవు వైపు లోపలికి నెట్టిన లోడు రేక్ గని వైపు నిండుగా బయటపడుతుంది. రెండు రేక్‌లూ ఎప్పటికీ అలాగే ఉంటాయి, ఖనిజాన్ని ఎవరూ ముట్టుకోరు. చూసేవాళ్లకు మాత్రం ఒకచోట నింపి, ఇంకోచోట ఒంపినట్టే ఉంటుంది.

ఖనిజం ఎంత ఎత్తు పోయాలన్నది కూడా లెక్కతో తేలుతుంది. బాక్స్ఎన్ లోపలి ఘనపరిమాణం 56 ఘనమీటర్ల పైచిలుకు, మోయగలిగేది అటూ ఇటుగా 60 టన్నులు. బొగ్గు తేలిక, అందుకని అంచు దాకా నింపి పైన కుప్ప కూడా తేలుతుంది. ఇనుప ఖనిజం ఘనమీటరుకు రెండు టన్నులు దాటుతుంది. వ్యాగను సగం నిండేసరికే బరువు పరిమితి వచ్చేస్తుంది. అందుకే ఖనిజం వ్యాగన్లను పక్కనుంచి చూస్తే ఖాళీవేమో అనిపిస్తుంది. వంతెన మీద నుంచి తొంగిచూస్తేనే అడుగున ఎర్రటి కుప్పలు కనబడతాయి. మోడల్‌లో ఖనిజాన్ని అంచు దాకా పోస్తే ఎంత రంగు కుదిరినా అది బొగ్గు బండికి ఎర్ర రంగు వేసినట్టే ఉంటుంది.

ఇన్ని తిప్పలు ఎందుకనుకునేవాళ్లకు నేను చెప్పేది అల్యూమినా రేక్. ఆ పొడి మూసి ఉన్న గుండ్రటి ట్యాంకు వ్యాగన్లలో పోతుంది. పై మూతల్లోంచి నింపుతారు, గాలి ఒత్తిడితో దింపుతారు. బీటాప్ అనే ఈ రకం వ్యాగను నిండుగా ఉన్నా ఖాళీగా ఉన్నా బయటికి ఒక్కలాగే ఉంటుంది. ఎటు నడిపినా తప్పు లేదు. పక్కల మీద పై నుంచి కిందకు కారిన తెల్లటి పొడి చారలు, కింద కొరాపుట్ ఎర్రమట్టి. ఈ రెండు రంగుల పొందిక ఇంకెక్కడా రాదు. చిన్న బల్లకు, మొదటి ప్రయత్నానికి మన జిల్లాల్లో ఇంతకంటే తగిన రేక్ లేదు. బస్తాలు మోసే, పైకప్పున్న బీసీఎన్ వ్యాగన్లకూ ఇదే సుగుణం ఉంది గానీ, గూడ్స్ షెడ్ అంటే లారీలు, హమాలీలు, తూకం, టార్పాలిన్లు. బండి కంటే బొమ్మల పని ఎక్కువవుతుంది. ఆ పని ఇష్టమైనవాళ్లకు అదే స్వర్గం.

షంటింగ్ దగ్గర పరదేశపు పుస్తకాలు మనల్ని దారి తప్పిస్తాయి. వాటిలో చిన్న లేఅవుట్ అంటే మూడు సైడింగ్‌లు, ఎనిమిది వ్యాగన్లు, వాటిలోంచి ఐదింటిని చెప్పిన వరసలో పేర్చే ఆట. ఇంగిల్‌నుక్ అంటారు. ఆట మంచిదే. కానీ ఇవాళ మన గూడ్సు అలా నడవదు. ఒక్కో వ్యాగనును ఒక్కో ఊరికి చేర్చే పద్ధతి ఎప్పుడో పోయింది. రేక్ రేక్‌గా లోడై, గమ్యం దాకా విడిపోకుండా వెళ్లి, రేక్ రేక్‌గానే వెనక్కి వస్తుంది. మరి ఆడించడానికి ఏమీ మిగల్లేదా అంటే చాలానే ఉంది. సైడింగ్ పొట్టిగా ఉంటే రేక్‌ను రెండు ముక్కలు చేసి సగం సగం లోపలికి పెట్టాలి. ఇంజను ఒక చివర నుంచి విడిపోయి, పక్క లైను మీదుగా తిరిగొచ్చి రెండో చివర తగులుకోవాలి. బ్రేక్ వ్యాన్‌ను తోకకు మార్చాలి. ఒక వ్యాగను సిక్ అయిందని, అంటే చెడిపోయిందని, వ్యాగన్లను తనిఖీ చేసే సీఅండ్‌డబ్ల్యూ వాళ్లు గుర్తు పెడితే రేక్ మధ్యలోంచి దాన్ని తప్పించి పక్కకు పెట్టాలి. ఈ చివరి పని ఒక్కటే బల్ల మీద అరగంట తింటుంది. దీనికి ఒక లూప్, ఒక పొట్టి సైడింగ్, మొత్తం మూడు పాయింట్లు (పట్టా రెండుగా చీలే చోట్లు) చాలు.

మలుపులు, ఎత్తుల విషయం త్వరగా చెప్పేస్తాను. ఇంజను గానీ వ్యాగను గానీ, దాని పొడవుకు కనీసం మూడు రెట్ల రేడియస్ ఉంటే మలుపులో నమ్మకంగా నడుస్తుందని మోడల్ కట్టేవాళ్ల లెక్క. బాక్స్ఎన్‌కి 37 సెంటీమీటర్లు చాలు, వ్యాగ్-9కి 71 కావాలి. అంటే పొట్టి వ్యాగన్లు మనకు అనుకూలం, ఇబ్బందల్లా ఇంజనుతోనే. చిత్రమేమిటంటే, మధేపురాలో తయారయ్యే 12,000 హార్స్‌పవర్ వ్యాగ్-12 మొత్తం 38.4 మీటర్లున్నా రెండు ముక్కలు కాబట్టి మలుపులో వ్యాగ్-9 కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టదు. ఎత్తు మాత్రం వద్దు. అసలు ఘాట్‌లో 60కి 1 వాలు ఉంది నిజమే. కానీ బల్ల మీద ఒక లైను ఇంకో లైనును దాటాలంటే, కరెంటు తీగలతో కలిపి, తొమ్మిది సెంటీమీటర్లయినా లేవాలి. 50కి 1 వాలు పెట్టినా దానికి నాలుగున్నర మీటర్ల దారి కావాలి. పట్టాను సమంగా ఉంచి నేలను దించండి. బల్ల ముందు అంచును నాలుగంగుళాలు కిందికి కోసి, అక్కడ రాళ్ల గెడ్డ, దాని మీద గర్డర్ వంతెన పెడితే బండి ఎక్కకపోయినా ఘాట్ కనబడుతుంది. సొరంగాలకు కొదవలేని లైను కాబట్టి చివరలు దాచడానికి సాకు వెతుక్కోనక్కర్లేదు.

వ్యాగను చేతితో చేసుకోవడం మీద కొంచెం నిలబడతాను. మన నమూనాలు బజార్లో అరుదు, దొరికినా ఖరీదు. ఒక మిల్లీమీటరు ప్లాస్టిక్ షీటుతో బాక్స్ఎన్ పెట్టె చేయడం కష్టం కాదు. 37 మిల్లీమీటర్ల వెడల్పు, పట్టా నుంచి పై అంచు దాకా అంతే ఎత్తు, పక్కలకు నిలువు పట్టీలు, మధ్యలో తలుపులు. కింది బోగీలు, అంటే చక్రాలుండే చట్రాలు, మాత్రం కొనుక్కోవాలి. మన కాస్నబ్ బోగీ అమెరికా మూడు ముక్కల పోత బోగీ కుటుంబానిదే. అందుకని వాళ్ల హెచ్ఓ బోగీ దాదాపు సరిపోతుంది. మన చక్రం వ్యాసం మీటరు, అంటే పదకొండున్నర మిల్లీమీటర్లు ఉండాలి. వాళ్ల పెద్ద చక్రం పదిన్నర. ఆ తేడా కంటికి తెలియదు. కప్లింగ్ విషయంలోనూ అదృష్టవంతులం. మన గూడ్సుకు సీబీసీ, అంటే మధ్యలో గుప్పిట్లు పట్టుకున్నట్టు పెనవేసుకునే కప్లింగ్ ఉంటుంది కాబట్టి అదే తీరున ఉండే కేడీ కంపెనీ రకం మోడల్ కప్లింగ్ తగిలిస్తే చూడ్డానికీ నడవడానికీ సరిగ్గా ఉంటుంది. ఇక బరువు. అమెరికా మోడలర్ల సంఘం సూత్రం ప్రకారం ఇంత పొడవు వ్యాగను 97 గ్రాములుండాలి. ప్లాస్టిక్ పెట్టె అందులో సగం కూడా తూగదు. పట్టా మామూలు కంటే ఇరుకు, పెట్టె వెడల్పు, అంటే తలబరువు. కాబట్టి ఇనుప వాషర్లను వ్యాగను అడుగునే, బోగీల మీదుగా అంటించి, వాటిపైన ఖనిజం పొర వేయాలి. బరువు పైన పెడితే మలుపులో పడిపోతుంది.

ఖనిజానికి రంగు పొడులు కొననక్కర్లేదు. ఊరి ఎర్రమట్టినే ఎండబెట్టి, టీ వడగట్టే జాలీలో జల్లించి, ఫెవికాల్‌లో సగానికి సగం నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి చుక్కలు చుక్కలుగా వదిలితే పట్టేస్తుంది. జిగురు ఆరాక రంగు ముదురుతుంది. ముందే చిన్న ముక్క మీద చూసుకోవాలి. ఒక జాగ్రత్త మాత్రం మరవద్దు. వాడే ముందు ఆ పొడి మీద అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి తిప్పాలి. అంటుకున్న రేణువులు పారేయాలి. లేకపోతే అవి ఇంజను మోటారులోకి చేరతాయి. పట్టా కింద కంకర అసలులో పెద్దది 65 మిల్లీమీటర్లు, 87వ వంతుకు ముప్పావు మిల్లీమీటరు. క్రషర్ దగ్గర దొరికే డస్ట్‌ను జల్లిస్తే ఆ సైజు వస్తుంది. స్లీపర్లు ఇప్పుడన్నీ కాంక్రీటే, బూడిద రంగు వేసి, ఖనిజం లైనైతే మధ్యలో ఎర్ర దుమ్ము అద్దాలి. పట్టా కొనేటప్పుడు కోడ్ 75, అంటే అంగుళంలో వెయ్యికి 75 వంతుల ఎత్తున్నది, అడగండి. మీటరుకు 60 కేజీలు తూగే మన పట్టా ఎత్తు 172 మిల్లీమీటర్లు, అది 87వ వంతుకు దాదాపు అంతే.

కొలతల కోసం లైను దగ్గరకు వెళ్లేవాళ్లు ప్లాట్‌ఫారం మీద నుంచో, గేటు బయట నుంచో, రోడ్డు వంతెన మీద నుంచో చూడాలి. పట్టాల మీదకు దిగడం రైల్వే చట్టంలో 147వ సెక్షన్ కింద నేరం. దానికంటే ముఖ్యం, ఆగి ఉన్న రేక్ ఎప్పుడు కదులుతుందో ఎవరూ చెప్పలేరు.

కరెంటు సంగతి తేలిక. ఒకే ఇంజను ఉంటే 12 వోల్టుల డీసీ కంట్రోలర్ చాలు. ఘాట్ బండికి ముందు రెండు ఇంజన్లు పెట్టి రెండూ ఒక్కటిగా లాగాలంటేనో, ఒకటి ఆగి ఉండగా ఇంకొకటి కదలాలంటేనో డీసీసీకి వెళ్లడం మేలు. అందులో ప్రతి ఇంజనుకూ దాని నంబరు ఉంటుంది, ఆజ్ఞ పట్టా గుండానే అందుతుంది. పైన తీగలు ఉత్తుత్తివే పెట్టండి, వాటిలో కరెంటు వద్దు. స్తంభాలు మాత్రం తప్పనిసరి. అవి లేకపోతే ఇవాళ్టి లైనులా ఉండదు.

చివరిగా బల్ల. మన కొండల వానాకాలం ప్లైవుడ్‌ని వదిలిపెట్టదు. ఇక్కడి వడ్రంగిని అడిగితే, “ఎనిమిదడుగుల చెక్క ఉత్తినే గోడకి కొడితే ఒక్క వానకే నడుం వంగిపోద్ది బాబూ, కింద ఫ్రేము ఎయ్యాలి” అంటాడు. అది అక్షరాలా నిజం. మెరైన్ ప్లై తీసుకుని, అడుగున రెండడుగులకొక అడ్డపట్టీ బిగించి, పట్టా వేయకముందే కిందా పైనా అంచులకూ వార్నిష్ రెండు చేతులు పట్టించాలి. పట్టా ముక్కల మధ్య సందు వదలాలి. ఎనిమిది అడుగుల నికెల్ సిల్వర్ పట్టా జనవరి చలికీ మే ఎండకీ మధ్య ఒక మిల్లీమీటరు సాగుతుంది. మూడు అతుకుల్లో తలా అర మిల్లీమీటరు సందు ఉంటే అది వంకర పోదు. ప్రతి పట్టా ముక్కకూ కింద నుంచి విడిగా తీగ సోల్డర్ చేస్తే, సందుల దగ్గర ఇంజను ఆగిపోదు.